తూముపాలెం బొండమ్మ తల్లి కాలు పెట్టిన చోటు

...కాదండి, తినే బోండా కాదు, కొబ్బరి బొండం కూడా కాదు. రండి, మీరు కూడా ఇటు నీడలోకి రండి. ఇప్పుడే మొదలుపెట్టా, మీకు పెద్దగా పోయిందేం లేదు. ఈ అమ్మగారు బొండ అంటే ఏంటని అడిగారు. అదే చెప్తున్నా.

బొండ అంటే కొయ్యండి. తాటి మొద్దుని నిలువునా రెండుగా చీలుస్తారు. రెండు చెక్కలూ కలిసే చోట పక్కపక్కనే రెండు కన్నాలు తొలుస్తారు, చీలమండ పట్టేంత. మనిషిని నేల మీద కూర్చోబెట్టి, కాళ్ళు రెండూ ఆ కన్నాల్లో పెట్టి, పై చెక్క మూసి తాళం వేస్తారు. అంతే. కొట్టేది లేదు, తిట్టేది లేదు. ఎండైనా వానైనా అట్టా కూర్చోవాలి. వెనక్కి పడుకోవచ్చు గానీ పక్కకి తిరగలేరు. ముఖం మీద ఈగ వాలితే తోలుకోవచ్చు, కాలి మీద వాలితే తోలుకోలేరు. పూర్వం తప్పు చేసినోళ్ళకి వేసే శిక్ష అది. ఇప్పుడు ఎక్కడా లేదు. మా తూముపాలెంలో మాత్రం మాట మిగిలింది.

ఎట్టా మిగిలిందంటే, పిల్లాడు అల్లరి చేస్తే వాళ్ళమ్మ "నీకు బొండేయిస్తా ఉండు" అంటది. అది బెదిరింపు. ఒక ఇంట్లో రోగమో, రొయ్యల చెరువు పోవడమో, వరసగా కష్టాలొస్తే "ఆ ఇల్లు బొండలో ఉందమ్మా" అంటారు. ఇంతవరకు మీకు తేలిగ్గానే అర్థమవుద్ది. ఇంకోటి ఉంది. పోయినేడు మా మేనమామకి ఆపరేషన్ అయితే మా నాన్న నెల్లూరు ఆస్పత్రి వరండాలో పదకొండు రోజులు పడుకున్నాడు. పాలెంలో ఎవరడిగినా మా అమ్మ చెప్పింది ఒకటే, "మా ఆయన మా తమ్ముడికి బొండ కూర్చున్నాడు" అని. ఆస్పత్రిలో నర్సమ్మ ఆ మాట విని భయపడిందంట, ఎవరి మీద కేసయిందోనని.

బొండ కూర్చోవడం అంటే మా కాడ శిక్ష పడటం కాదు. ఎవరి కష్టంలోనో మనం వెళ్ళి పక్కన ఉండటం. ఎక్కడైనా శిక్షకి ఆ అర్థం ఉంటుందా అని నాకు చిన్నప్పటి నుంచీ వింతగా ఉండేది. మా నాయనమ్మని అడిగితే "గుడికాడికి పోయి రాయిని చూడరా, చెప్పిద్ది" అనేది. రాయేం చెప్పలేదనుకోండి. నాయనమ్మే చెప్పింది.

ముందు మీరు రాయిని, మా బొండమ్మ తల్లిని చూడండి. ఇదిగో, గడప దాటకుండా ఇక్కడి నుంచే కనిపిస్తది. మనిషెత్తు రాయి. ఎవరూ చెక్కింది కాదు, ముక్కూ మూతీ ఉండవు. కళ్ళు వెండివి, తర్వాత పెట్టినవి. ఎడం భుజం కాస్త కిందికి వంగి ఉంది చూశారా, ఏదో బరువు మోస్తున్నట్టు? కింద ఒక కాలు నేలలోకి దిగి ఉంది. రెండో కాలు ఆ నల్లటి కొయ్యలోకి పోయింది. అదే బొండ. పాత కొయ్యలో మిగిలిన ముక్క అది, దాని మీద నూనె తప్ప ఇంకేం పోయరు.

ఇంకో విషయం. చుట్టూ చూడండి. ఇటు ఉప్పు మడులు, అటు ఉప్పుటేరు, ఆ వెనకాల సముద్రం. ఈ నేలంతా బురదే. బోరు వేసినోళ్ళు నూటయాభై అడుగులు పోయినా గులకరాయి తగల్లేదన్నారు. ఇల్లు కట్టుకోవాలంటే పునాది రాయి లారీలో రావాలి. మరి ఇంత రాయి ఇక్కడికెట్టా వచ్చింది?

పూర్వం ఇక్కడ గుడీ లేదు, రేకుల పందిరీ లేదు. ఏటి ఒడ్డున బొండ ఒక్కటే ఉండేది. అప్పుడు ఉప్పంతా కొటారు సొత్తు, అంటే సర్కారు ఉప్పు గిడ్డంగిది. ఉప్పు పండించేది మా పాలెమోళ్ళు, దాని మీద పెత్తనం చేసేది దరోగా. ఆ దరోగా పైసీమ నుంచి వచ్చినోడు. లెక్కలు బాగా తెలుసు గానీ సముద్రం తెలీదు. కొటారుకి ఒకే ఒక్క బొండ ఉండేది. పడవల్లో ఉప్పుకొచ్చే వాళ్ళందరికీ కనపడాలని దాన్ని ఏటి ఒడ్డున గుంజలు పాతి కట్టేశారు. మామూలు రోజుల్లో పోటు వస్తే కూర్చున్నోడికి మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చేవి. పున్నమికీ అమావాస్యకీ పెద్ద పోటు. అప్పుడు నిలబడ్డ మనిషికి పీక దాకా వచ్చేది. ఆ రోజుల్లో ఎవరికీ బొండ వేసేవాళ్ళు కాదు. పాత దరోగాలకి అది తెలుసు. కొత్తాయనకి తెలీదు.

మడుల్లోకి సముద్రం నీళ్ళు రావాలంటే తూము పలక ఎత్తాలి. వద్దంటే దించాలి. ఆ తూముకి కాపలా చెంచయ్య. పొడుగాటి మనిషి, కాస్త నోటి దురుసు. పొద్దస్తమానం తూము గట్టు మీదే ఉండేవాడు. నీళ్ళ వంతు కాడ ఆయనకీ ఆదెమ్మకీ పడేది కాదు. ఆదెమ్మ భర్త పోయినామె. రెండు మడులు, ఒక కూతురు, అంతే ఆమెకున్నది. పొట్టి మనిషి. "నా మడికి నీళ్ళొదలమంటే చెంచయ్య తన సొంత కడుపులోంచి తీసిచ్చినట్టు చేస్తాడు" అనేది. "ఆదెమ్మ నోట్లో నీళ్ళు పోస్తే అవీ ఉప్పవుతాయి" అనేవాడు ఈయన. ఏళ్ళ తరబడి ఇదే.

ఇప్పుడు అసలు తప్పు సంగతి. ఇది మా ఉప్పోళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. పోటు వచ్చేటప్పుడు తూము పలకని ఒక్క జానెడు ఎత్తి, ఆ సందులో వల కడితే, నీళ్ళతో పాటు రొయ్యలు వచ్చి వల్లో పడతాయి. తెల్లారేసరికి బుట్టెడు. ఎత్తిన పలకని మళ్ళీ దించెయ్యాలి. అందరూ చేసేవాళ్ళే, ఎవరూ ఒప్పుకోరు. చెంచయ్య కూడా చూసీ చూడనట్టు పోయేవాడు, ఎందుకంటే ఆయనా చేసేవాడు.

ఆ ఏడు చైత్రంలో ఆదెమ్మ కూతురు వెంగమ్మ కడుపుతో పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. ఏం తినబుద్ధవుద్దే అంటే రొయ్యలు అంది. ఆదెమ్మ తెల్లారుజామున తూము కాడికి పోయి, పలక జానెడు ఎత్తి, వల కట్టింది. రొయ్యలు పడ్డాయి. వల తీసుకుంది. పలక దించబోతే దిగలేదు. చెక్క నీటికి ఉబ్బి ఇరుక్కుంది. రెండు చేతులా నొక్కి చూసింది. ఎవరో వస్తున్న అలికిడైతే, చెంచయ్యే వచ్చి దించుకుంటాడులే అనుకుని ఇంటికి పోయింది. చెంచయ్య ఆ పొద్దున ఒంట్లో బాగోక ఆలస్యంగా లేచాడు. త్రయోదశి పోటు అప్పటికే బలంగా ఉంది. ఆ జానెడు సందు పెద్దదై, గట్టు తెగి, నీళ్ళు మడుల్లోకి కొట్టాయి. మూడు నెలలు కష్టపడి తీసి తాటాకు కప్పిన ఉప్పు రాశులు పదిహేడు, మధ్యాన్నానికి ఒక్కటీ లేదు. తాటాకులు మాత్రం నీళ్ళ మీద తేలుతున్నాయి.

దరోగా వచ్చాడు. "తూము ఎవరిది" అన్నాడు. "నాది" అన్నాడు చెంచయ్య. "పలక ఎవరెత్తారు" అన్నాడు దరోగా. వల కట్టిన తాడు ముక్క గుంజకి ఇంకా వేలాడుతూనే ఉంది. చెంచయ్య అది చూశాడు, కానీ చెప్పలేదు. దరోగా మూడు పగళ్ళు, మూడు రాత్రులు బొండ వేయమన్నాడు. పైగా ఇంకో హుకుం. బొండలో ఉన్నోడికి ముద్ద పెట్టినా, గుక్కెడు నీళ్ళిచ్చినా, వాళ్ళకీ బొండే.

పాలెంలో పెద్దలు దండం పెట్టారు. "అయ్యా, మూడో రోజు పున్నమి. పెద్ద పోటు వస్తది. కూర్చున్న మనిషి మునిగిపోతాడు" అన్నారు.

"నీళ్ళంటే ఇష్టమేగా మీ తూము కావలాయనకి" అన్నాడంట దరోగా. అని బండెక్కి, పైవాళ్ళకి నష్టం సంగతి చెప్పుకోవడానికి టౌనుకి పోయాడు. తాళంచెవి బంట్రోతు బడే సాయిబు చేతిలో పెట్టి పోయాడు.

బడే సాయిబు చెడ్డోడు కాదు. కానీ భయస్తుడు, అయిదుగురు పిల్లలు. "నేను తాళం తీస్తే రేపు నా కాళ్ళు దాంట్లో ఉంటాయి" అన్నాడు. పాలెమోళ్ళు కూడా ఆయన మీద పడి లాక్కోలేకపోయారు. అంతకు ముందేడు ఏటి అవతల పాలెంలో బంట్రోతు మీద చెయ్యేశారని ఊరి మొత్తానికి మడులు లేకుండా చేశారు. ఇద్దరు మనుషుల్ని మాత్రం దరోగా వెనకాలే పంపారు, మళ్ళీ బతిమాలుకోవడానికి. వాళ్ళు ఇంకా తిరిగి రాలేదు.

మొదటి రోజు ఆదెమ్మ ఇంట్లోంచి బయటికి రాలేదు. రెండో రోజూ రాలేదు. బయటికొచ్చి నేనే అంటే, ఉన్న రెండు మడులూ పోతాయి, ఇల్లు పోద్ది, ఏడో నెల కడుపుతో కూతురు గట్టు మీద నిలబడాలి. నోరు మూసుకుంటే మనిషి పోతాడు. ఆమెకి చెంచయ్యంటే ప్రేమేం లేదు. అయినా అన్నం దిగలేదు. తెచ్చిన రొయ్యలు అట్టాగే బుట్టలో పాడైపోయాయి. కూతురు అడిగింది, "అమ్మా, రొయ్యలు వండలేదే" అని. ఆదెమ్మ "ఉప్పు లేదే" అంది. నిజమే, పాలెంలో ఆ రోజు ఎవరింట్లోనూ ఉప్పు లేదు.

మూడో రోజు, పున్నమి, పొద్దున్నే ఆమె ముంతలో నీళ్ళు తీసుకుని ఏటి ఒడ్డుకి వచ్చింది. చెంచయ్య రెండు రోజుల ఎండకి నల్లబడిపోయి ఉన్నాడు. పెదాలు చీలిపోయాయి. పోటు ఇంకా మొదలవ్వలేదు, ఏరు లోపలికి పోయి ఉంది. పాలెమంతా గట్టు మీద నిలబడి చూస్తోంది. ఆమె తిన్నగా వెళ్ళి ముంత ఆయన నోటికి ఆనించింది.

బడే సాయిబు లేచాడు. "ఏం పని చేశావు తల్లీ. ఇప్పుడు నీకూ వేయాలి."

"వెయ్యి" అంది.

"ఇంకో బొండ లేదు."

"దీనికి రెండు కన్నాలున్నాయిగా."

"రెండిట్లోనూ ఆయన కాళ్ళేనమ్మా."

"ఒకటి నాకియ్యి."

బడే సాయిబు చాలాసేపు ఆలోచించాడంట. దరోగా హుకుం ప్రకారం చెంచయ్యని వదలకూడదు. నీళ్ళిచ్చినామెకి బొండ వేయకుండా ఉండకూడదు. రెండూ జరగాలంటే ఆమె చెప్పిందొకటే దారి. ఆయన తాళం తీసి, చెంచయ్య కుడికాలు బయటికి లాగి, ఆ కన్నంలో ఆదెమ్మ ఎడమకాలు పెట్టి, మళ్ళీ తాళం వేశాడు. శిక్ష తప్పలేదు, హుకుమూ తప్పలేదు.

రెండు కాళ్ళూ బొండలో ఉన్న మనిషి లేచి నిలబడలేడు. ఒక కాలు బయట ఉంటే ఆ కాలి మీద నిలబడొచ్చు. ఆదెమ్మ ఇది ముందే ఆలోచించుకుని వచ్చిందా, ఊరికే నీళ్ళివ్వడానికి వస్తే అట్టా కుదిరిందా? నాకిది తెలుసుకోవాలని చాలా ఉండేది. కొందరు ముందే అనుకుంది అంటారు. కొందరు తల్లి మహిమ అంటారు. నాయనమ్మని అడిగితే విసుక్కుంది. "తెలిసి పెట్టిందో తెలీక పెట్టిందో, కాలు పెట్టిందా లేదా?" అంది. తర్వాత నేను అడగలేదు.

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. తర్వాత మామూలే.

"కాస్త అటు జరుగు మే" అన్నాడు చెంచయ్య.

"జరగడానికి ఇదేమన్నా మా ఇంటి అరుగా?" అంది ఆదెమ్మ.

"అరుగైతే నన్నెందుకు కూర్చోనిస్తావులే. ఎందుకొచ్చావు? కూతురు ఇంట్లో ఒక్కతే ఉంది."

"నీ మొహం చూడక రెండు రోజులైంది, తోచలేదు."

గట్టు మీద ఉన్నోళ్ళకి ఈ మాటలు వినపడ్డాయి. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. నవ్వి ఆపుకున్నారు, ఎందుకంటే ఏరు సముద్రంలో కలిసే మొగ కాడ నీళ్ళు తెల్లగా లేచాయి. పోటు మొదలైంది.

నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చేసరికి ఆదెమ్మ లేచి నిలబడింది. చెంచయ్య లేవబోయాడు, లేవలేకపోయాడు. రెండు రోజులు బిగుసుకున్న కాలు కదా, బయటికి వచ్చినా అందులో జీవం లేదు. ఆమె ఆయన చంకలో చెయ్యేసి లాగి నిలబెట్టింది. కింద బురద. ఒక కాలు కొయ్యలో, ఒక కాలు జారే నేల మీద. పొడుగాటి మనిషి, పొట్టి మనిషి. ఆయన చెయ్యి తన ఎడం భుజం మీద వేసుకుంది.

నీళ్ళు నడుముల దాకా వచ్చినప్పుడు ఆమె చెప్పింది. "పలకెత్తింది నేనే. వెంగమ్మ రొయ్యలడిగింది. దించబోతే దిగలేదు."

"ఎవరో ఒకరని తెలుసు" అన్నాడు చెంచయ్య. "నేనైనా ఎత్తేవాడినే. వల సంగతి చెప్తే పాలెం మొత్తానికి వేసేవాడు బొండ."

"నన్ను తిట్టు."

"రెండు రోజులుగా అదే పని చేశాను, పేరు తెలీక ఊరికే తిట్టాను. ఇప్పుడు తెలిశాక మాట రావట్లేదు."

"పడినాయా రొయ్యలు?" అనడిగాడు మళ్ళీ.

"బుట్టెడు."

"వండావా?"

"లేదు."

ఇదంతా గట్టు మీదోళ్ళు విన్నారు. బడే సాయిబు విన్నాడు. ఆయన చేతిలో తాళంచెవి ఉంది. ఇంక ఆగలేక నీళ్ళలోకి దిగాడు, కానీ అప్పటికే తాళం నాలుగడుగుల నీళ్ళ కింద ఉంది, ప్రవాహం మనిషిని నిలవనివ్వడం లేదు. రెండుసార్లు మునిగాడు, రెండుసార్లూ నీళ్ళు ఆయన్ని గట్టుకి కొట్టాయి. మూడోసారి ఈతొచ్చినోళ్ళు నలుగురు ఆయనతో దిగారు. వాళ్ళకీ అందలేదు.

చెంచయ్య గుండెల దాకా నీళ్ళొచ్చాయి. ఆదెమ్మకి గడ్డం దాకా. ఆయన బరువంతా ఆమె మీద ఉంది. కింద బురద కరిగిపోతోంది, ఆమె కాలు ఎక్కడా ఆనడం లేదు, ఆయన బరువుకి ఆమె ఇంకా కిందికి దిగిపోతోంది. ఆమె పక్కకి జరిగితే ఆమెకి ఊపిరాడుద్ది, ఆయన పడిపోతాడు. ఆయనకి అది తెలిసింది. "నన్ను వదిలెయ్ మే, కూతురుంది నీకు" అన్నాడు. చెయ్యి తీసుకోబోయాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని మళ్ళీ తన భుజం మీదే వేసుకుంది. ఏదో అంది. గాలికి గట్టు మీదోళ్ళకి వినపడలేదు. తర్వాత నీళ్ళు ఆమె తల మీదికి వచ్చాయి.

చెంచయ్య పడలేదు. తన చెయ్యి కింద భుజం ఇంతకు ముందులా వణకడం లేదనీ, ఏదో బండ మీద ఆనుకున్నట్టు ఉందనీ మాత్రం ఆయనకి తెలిసింది. ఎంతసేపు నిలబడ్డాడో తెలీదు. పోటు ఆగి, పాటు మొదలై, నీళ్ళు మెల్లగా తగ్గాయి. ఆయన మెడ, గుండెలు, నడుము బయటికొచ్చాయి. పక్కన ఆమె తల బయటికొచ్చింది, భుజం బయటికొచ్చింది. కానీ అది రాయి.

బడే సాయిబు వచ్చి తాళం తీశాడు. చెంచయ్య కాలు వచ్చేసింది. ఆమె కాలు రాలేదు. పదిమంది లాగినా కదల్లేదు. మధ్యాన్నం బండి మీద దరోగా దిగాడు, బతిమాలడానికి పోయిన ఇద్దరూ వెనక నడిచొచ్చారు. ఆయన చాలాసేపు ఆ రాయి చుట్టూ తిరిగాడంట. బొండ ఖాళీ చేయమన్నాడు, ఇంకొకరికి కావాలన్నాడు. బడే సాయిబు జేబులోంచి తాళంచెవి తీసి, ఆయన చూస్తుండగానే ఏట్లోకి విసిరేశాడు. "ఇంక దీనికి తాళం లేదు" అన్నాడు. జీవితంలో ఆయన ధైర్యంగా చేసిన పని అదొక్కటేనని వాళ్ళ మునిమనవళ్ళే నవ్వుతూ చెప్తారు. దరోగా ఏమనుకున్నాడో, ఆ వారంలోనే బదిలీ చేయించుకుని పోయాడు. పెద్ద పోటు చేసిన పని చూసినోడు మళ్ళీ ఇక్కడ ఉండలేడని కొందరంటారు.

ఆ సాయంత్రం వెంగమ్మ ఏడ్చి ఏడ్చి కళ్ళు మూస్తే కలలో తల్లి కనపడింది. తడి చీరతోనే ఉందంట. "నాకు గుడీ గోపురం వద్దు. రొయ్యలు వండి పెట్టు, ఉప్పు వెయ్యొద్దు, ఆ ఉప్పు నేనే పోగొట్టా. ఆ కొయ్యలో మాత్రం ఎవర్నీ ఒంటిగా కూర్చోనివ్వొద్దు" అంది. రెండు నెలలకి వెంగమ్మకి కొడుకు పుట్టాడు. మడులు ఎవరూ లాక్కోలేదు. ఏరు అవతలికి జరిగాక, ఆమె వద్దన్నా జనం ఈ చిన్న గుడి కట్టారు. మా నాయనమ్మ ఆ వెంగమ్మ వంశమేనండి, కాబట్టి మా ఇంట్లో వాళ్ళే పూజ చేస్తారు.

ఇప్పుడు జరిగేది చెప్తా. రాయి పక్కన కొత్త బొండ ఉంది చూశారా, వేపచెక్కది, తాళం ఉండదు. కష్టంలో ఉన్నోళ్ళు ఒకరిని వెంటపెట్టుకుని వస్తారు. కష్టమున్నోళ్ళు ఒక కాలు, వెంట వచ్చినోళ్ళు ఒక కాలు పెట్టి, ఇద్దరూ కాసేపు కూర్చోవాలి. ఎంతసేపని లెక్కేం లేదు. రోగాలున్నోళ్ళు, కోర్టు కేసులున్నోళ్ళు, పిల్లలు చెప్పాపెట్టకుండా ఎళ్ళిపోయినోళ్ళు, అందరూ వస్తారు. ఒంటిగా వస్తే ఊరుకోం. లైన్లో వెనకాల ఉన్నోళ్ళు కూర్చుంటారు, ఎవరూ లేకపోతే మా ఇంట్లోంచి ఒకరం కూర్చుంటాం. పరిచయం లేకపోయినా పర్లేదు. పోయిన నెల ఒక పోలీసాయన, పక్కన ఆయన అరెస్టు చేసిన మనిషి తండ్రి, ఇద్దరూ తెలీకుండానే కలిసి కూర్చున్నారు. లేచేటప్పుడు తెలిసింది. ఇద్దరూ ఒకే ఆటోలో పోయారు.

చైత్ర పున్నమికి తిరునాళ్ళు. మొదటి దీపానికి నూనె బడే సాయిబు ఇంటి నుంచే రావాలి, ఇప్పటికీ వస్తది. నైవేద్యం ఉప్పులేని రొయ్యలు. చుట్టూ కొండల్లా ఉప్పు రాశులు పెట్టుకుని చప్పటి కూర తినడం కొత్తగా వచ్చినోళ్ళకి నవ్వొస్తది. తినండి, ఏం కాదు. ఆ రోజు తూము కూడా తెరవరు. ఇక్కడ కూర్చున్నోళ్ళకి కష్టం వెంటనే పోద్దని నేను చెప్పను. కొందరికి పోయింది, కొందరికి పోలేదు. ఒంటిగా మాత్రం ఉండదు. తల్లి ఇచ్చేది అదేనని మా పెద్దోళ్ళ మాట.

చెంచయ్య చాలా ఏళ్ళు బతికాడు. కుంటుతూనే వచ్చి రోజూ ఈ రాయి పక్కనే కూర్చునేవాడు. నీళ్ళు తల మీదికి వచ్చే ముందు ఆమె ఏమంది అని జనం అడిగేవాళ్ళు. మొదట చెప్పేవాడు కాదు. ఒక చైత్ర పున్నమికి వెంగమ్మ, నడక నేర్చిన కొడుకుని ఎత్తుకుని వచ్చి అడిగితే చెప్పాడు. అప్పటి నుంచి కొయ్యలో కాలు పెట్టేటప్పుడు, వెంట వచ్చినోళ్ళు కష్టమున్నోళ్ళతో ఆ మాటే అనాలి. ఒక్క అక్షరం మార్చకూడదు. ఆడవాళ్ళతో అన్నా, చిన్నపిల్లలతో అన్నా, "అన్నా" అనే అనాలి, ఆమె అట్టాగే అంది కాబట్టి. అమ్మగారూ, మీరు ఒక్కరే వచ్చారు కదా. రండి, ఇందాక నీడలోకి వచ్చిన ఈయన మీ పక్కన కూర్చుంటారు. చెంచయ్యలా ఎడమకాలు మీరు పెట్టండి. అయ్యా, మీరూ ఎడమకాలే పెట్టి, ఆమె చెయ్యి మీ భుజం మీద వేయించుకుని, ఆదెమ్మ అన్నట్టే అనండి:

"నా మీద ఆనుకో అన్నా, నాకు కాలు ఆనింది."